బాస్మతి అన్నం పొడిపొడిగా వండే విధానం

పండుగ రోజున, కొత్త అల్లుడు వచ్చిన పూట, గృహప్రవేశం నాడు బాస్మతి బియ్యం తెచ్చి వండడం నేడు సరిహద్దు పల్లెలలోనూ సాధారణమైంది. నిత్యం వాడే సోనా మసూరి కంటే ఎక్కువ ధర పెట్టి తెచ్చిన ఆ బియ్యం తీరా వండిన తరువాత ముద్ద కావడం, లేదా మెతుకులు విరిగి నుజ్జు కావడం కూడా అంతే సాధారణం. చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చున్న వేళ ఆ ముద్దను సరిచేసే వ్యవధి ఉండదు. చాలా సందర్భాలలో లోపం బియ్యానిది కాదు. రోజువారీ బియ్యానికి అలవాటైన నీటి కొలతను, కుక్కరు ఈలల లెక్కను దీనికీ వర్తింపజేయడమే ప్రధాన కారణం.

బాస్మతికి బాగా సరిపడే పద్ధతి కొత్తది కాదు. ఎసరు మరిగించి, బియ్యం పోసి, మెతుకు పట్టి చూసి, గంజి వార్చే పాత పద్ధతే అది. కన్నడ పల్లెలలో అలా వండినది ‘బసిద అన్న’, తమిళ పల్లెలలో ‘వడిచ్చ సోరు’. ఒడిశాలో వార్చిన గంజిని ‘పేజ’ అంటారు. ప్రెషర్ కుక్కర్ వచ్చాక అనేక ఇళ్లలో సిబ్బిరేకు అటకెక్కింది. పెద్దవాళ్ల చేతికి తెలిసిన ఆ పదునే బాస్మతి వంటకు మూలం.

బియ్యం స్వభావం

బాస్మతి అనే మాటకు ‘సువాసన గలది’ అని అర్థం. ఆ సువాసనకు ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలీన్ అనే పదార్థం. ఇది ఇతర సువాసన బియ్యాలలోనూ ఉంటుంది. తమిళనాట కొందరు అన్నంలో వేసే రంభ ఆకు వాసనకు కూడా ఇదే ఆధారం. ఈ పదార్థం ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం కలది. అందువలన బియ్యం ఎంత ఎక్కువసేపు ఉడికితే పరిమళం అంత తగ్గుతుంది.

బియ్యపు గింజలోని పిండి పదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలు ఉంటాయి. అమైలోపెక్టిన్ అధికంగా ఉన్న బియ్యం జిగురుగా ఉడుకుతుంది. బాస్మతిలో అమైలోజ్ సుమారు 20 నుంచి 25 శాతం వరకు ఉంటుంది. ఇది మధ్యస్థమైన పాళ్లు. కనుకనే సరిగా వండిన బాస్మతి విడివిడిగా ఉంటూనే మెత్తగా ఉంటుంది. చల్లారినా రాయిలా గట్టిపడదు.

ఉడికేటప్పుడు ఈ గింజ లావెక్కడం కంటే పొడవు సాగడం ఎక్కువ. మంచి బాస్మతి మెతుకు పచ్చి గింజకు దాదాపు రెట్టింపు పొడవు అవుతుంది. పొడవుగా, సన్నగా ఉన్నది సులభంగా విరుగుతుంది. విరిగిన చోటనుంచి పిండి బయటికి వచ్చి పక్క మెతుకులను అతికిస్తుంది. అన్నం ముద్ద కావడానికి ఇదే మూలం. కడగడం మొదలు వడ్డించడం వరకు ఈ వంటలోని ప్రతి జాగ్రత్తా గింజ విరగకుండా చూడడానికీ, పైకి వచ్చిన పిండిని తొలగించడానికీ ఉద్దేశించినదే.

కొనేటప్పుడు చూడవలసినవి

భారతదేశంలో బాస్మతికి 2016లో భౌగోళిక గుర్తింపు లభించింది. పంజాబ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఢిల్లీ, ఉత్తరాఖండ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్, జమ్మూ ప్రాంతంలోని కొన్ని జిల్లాలు ఆ పరిధిలోకి వస్తాయి. అదే విత్తనం తెచ్చి దక్షిణాదిన పండించినా దానిని ఆ పేరుతో అమ్మరాదు. 2003లో విడుదలైన పూసా 1121 రకం గింజ మిక్కిలి పొడవైనది. పచ్చి గింజే 8 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. విందులలో కనిపించే అతి పొడవైన మెతుకు తరచుగా ఈ రకానిదే. పొడవు తక్కువైనా పరిమళానికి పేరుపొందినవి డెహ్రాడూన్, తరావడీ వంటి పాత రకాలు.

అంగడిలో బస్తాల మీద కనిపించే మాటలకు అర్థాలు తెలిసి ఉండడం మేలు. విరగని పూర్తి గింజ మొదటి తరగతి. ‘తిబార్’ అంటే గింజలో సుమారు ముప్పాతిక భాగం, ‘దుబార్’ అంటే సుమారు సగం, ‘మోగ్రా’ అంటే అంతకంటే చిన్న నూక. మోగ్రా పాయసానికో కిచిడీకో పనికివస్తుంది గాని పొడి అన్నానికి పనికిరాదు. ‘సేలా’ అంటే ఉప్పుడు బాస్మతి. దీని వన్నె పసుపు. పరిమళం కొంత తక్కువైనా మెతుకు త్వరగా విరగదు కనుక పెద్ద విందుల వంటవారు దీనిని కోరుకుంటారు. పచ్చి బాస్మతి కంటే దీనికి నానే సమయం, ఉడికే సమయం రెండూ ఎక్కువ కావాలి.

బియ్యం పాతదా కొత్తదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. కోత అయిన తరువాత ఏడాది నుంచి రెండేళ్ల వరకు నిల్వ చేసిన బాస్మతిలో తేమ తగ్గి, గింజ పైభాగం గట్టిపడుతుంది. అటువంటి గింజ ఎక్కువ నీరు పీల్చి, ఎక్కువ సాగి, తక్కువ గంజి వదులుతుంది. కొత్త బియ్యం ఎంత ఖరీదైనదైనా అంటుకునే స్వభావం కలిగి ఉంటుంది. పాత బియ్యం లేత మీగడ వన్నెలోనో, తేలిక పసుపు వన్నెలోనో ఉంటుంది. మల్లెపువ్వులా తళతళలాడే తెలుపు పాతదనానికి గుర్తు కాదు.

బాస్మతి గింజ సగటు పొడవు కనీసం 6.61 మిల్లీమీటర్లు ఉండాలన్నది ప్రమాణం. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. విరగని పది గింజలను స్కేలు పక్కన కొనకు కొన తాకేలా వరుసగా పేర్చితే 6.6 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఆ పది గింజలను అరగంట నానబెట్టి ఉడికించి మళ్లీ పేర్చితే 11 సెంటీమీటర్లు దాటాలి. పొడవు సాగక లావుగా ఉబ్బితే అది వేరే పొడవు గింజ బియ్యమో, కల్తీ బియ్యమో అయి ఉండవచ్చు. బాస్మతిలో కృత్రిమ పరిమళం, రంగు, మెరుగు పదార్థాలు ఉండరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమాలు చేసింది. అవి 2023 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చాయి. సంచి విప్పగానే ఘాటుగా గుప్పుమని, ఒక్క కడుగుతోనే పోయే వాసనను అనుమానించవలసిందే.

కడగడం, నానబెట్టడం

ముందుగా బియ్యాన్ని చాటలో పోసి నూకలు, రాళ్లు ఏరివేయాలి. నూక ఎంత తగ్గితే జిగురు అంత తగ్గుతుంది. వెడల్పైన గిన్నెలో బియ్యం పోసి, నిండా నీరు పోసి, వేళ్లతో తేలికగా కలియదిప్పి నీటిని వంచివేయాలి. పిడికిలితో నలపరాదు. మూడు నాలుగు పర్యాయాలు అయ్యేసరికి నీరు దాదాపు తేరుతుంది. ఈ కడుగును పశువుల కుడితిలో పోసుకోవచ్చు.

తరువాత బియ్యం మునిగి రెండంగుళాలు పైకి ఉండేలా నీరు పోసి 30 నిమిషాలు నానబెట్టాలి. సేలా అయితే కనీసం ఒక గంట కావాలి. నానిన గింజ గాజు వన్నె పోయి సున్నంలా తెల్లబడుతుంది. గోటితో నొక్కితే సులభంగా తునుగుతుంది. నానినందువలన మూడు ప్రయోజనాలు ఉన్నాయి. నీరు గింజ మధ్యకు ముందే చేరినందున పైభాగం చిమిడిపోకుండానే లోపల ఉడుకుతుంది. మెతుకు బాగా సాగుతుంది. ఉడికే సమయం తగ్గి పరిమళం నిలుస్తుంది. అయితే గంటలకొద్దీ నానితే పచ్చి బాస్మతి గింజ పెళుసెక్కి పొయ్యి మీదికి చేరకముందే విరుగుతుంది. నానిన బియ్యాన్ని చిల్లుల గిన్నెలో వంచి, ఐదు నిమిషాలు నీరు ఓడ్చాలి.

గంజి వార్చే పద్ధతి

పావు కిలో బియ్యానికి ఒకటిన్నర లీటర్ల నీరు పెట్టాలి. కొలత కొంచెం హెచ్చినా హాని లేదు, తగ్గితేనే చిక్కు. నీరు ఎక్కువగా ఉంటే బియ్యం పోసిన తరువాత కూడా మరుగు త్వరగా అందుకుంటుంది, గింజలు ఒకదానినొకటి ఒరుసుకోకుండా విడిగా కదులుతాయి, పైకి వచ్చిన పిండి నీటిలో కలిసిపోతుంది.

1. ఎసరు తెర్లుతుండగా రెండు చిన్న చెంచాల ఉప్పు, ఒక చెంచా నూనె వేయాలి. బిరియానికైతే లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, బిరియాని ఆకు ఈ నీటిలోనే వేస్తారు.

2. నీరు ఓడ్చిన బియ్యాన్ని మెల్లగా జారవిడిచి, అడుగున అంటకుండా గరిటె కాడతో ఒక్కసారి కదిలించాలి. ఆ తరువాత మళ్లీ కలపరాదు. మూత పెట్టకుండా పెద్ద మంట మీద ఉడకనివ్వాలి.

3. నాలుగో నిమిషం దాటినప్పటి నుంచి నిమిషానికొకసారి మెతుకు పట్టి చూడాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య మెతుకును నొక్కితే అది సులభంగా నలిగి, నడుమ సన్నని తెల్లని పలుకు కనిపించాలి. సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలలో ఈ పదును వస్తుంది. ఈ వంటలో గడియారం కంటే వేళ్లను నమ్మడం మంచిది.

4. పలుకు ఉండగానే పొయ్యి ఆర్పి, ఆలస్యం లేకుండా గంజి వార్చాలి. పూర్తిగా ఉడికిన తరువాత వారిస్తే, పాత్రలోని వేడికి మెతుకు ఇంకా ఉడికి ముద్ద అవుతుంది.

5. వార్చిన అన్నాన్ని అదే పాత్రలో ఉంచి, పైన ఒక చెంచా నెయ్యి చల్లి, బిగువైన మూత పెట్టి, అతి సన్నని సెగ మీద 5 నిమిషాలు ఉంచాలి. గ్యాసు పొయ్యి అయితే కింద పెనం పెట్టడం మంచిది. కట్టెల పొయ్యి అయితే మంట లాగివేసి నిప్పుల మీద ఉంచితే చాలు.

6. దించిన తరువాత మూత తీయకుండా 10 నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి. మెతుకు పైనున్న తేమ లోపలికి సర్దుకుని, నడుమ మిగిలిన పలుకు ఈ ఆవిరికే ఉడుకుతుంది. ఈ విరామం లేకుండా గరిటె పెడితే, అప్పటివరకు చేసిన శ్రమ వృథా అవుతుంది.

వడ్డించేటప్పుడు పలుచని అట్లకాడను పాత్ర అంచు వెంబడి దించి, అడుగునుంచి పైకి లేపాలి. గుంత గరిటెతో నడిమి నుంచి తవ్వితే మెతుకులు విరుగుతాయి.

అత్తెసరు పద్ధతి

గంజి వార్చకుండా, బియ్యానికి సరిపడా నీరే పోసి వండడాన్ని అత్తెసరు అంటారు. పులావుకు ఇదే తగినది. దినుసుల సారమంతా అన్నంలోనే నిలుస్తుంది. ఇక్కడ నీటి కొలతే ప్రాణం. అరగంట నానిన పచ్చి బాస్మతికి గ్లాసుకు ఒకటిన్నర గ్లాసుల నీరు చాలు. నానబెట్టకపోతే ఒకటిముప్పావు నుంచి రెండు గ్లాసులు కావాలి. నానబెట్టిన బియ్యానికి కూడా ‘ఒకటికి రెండు’ అనే అలవాటు కొలతను పాటించడమే అన్నం చిమిడిపోవడానికి తరచుగా కనిపించే కారణం. గ్లాసు కొలత ఎప్పుడూ నానబెట్టక ముందటి బియ్యానికే వర్తిస్తుంది. పెరుగు, టమాటా, కూరముక్కలు వేస్తే అవి వదిలే నీటిని ఎసరులో తగ్గించుకోవాలి.

మందపు అడుగు గల పాత్రలో నెయ్యి వేడిచేసి, దినుసులు వేసి, నీరు ఓడ్చిన బియ్యాన్ని ఒక నిమిషం తేలికగా తిప్పాలి. దానిలో మరుగుతున్న నీరు, ఉప్పు వేసి, తెర్లగానే మూత పెట్టి, మంట పూర్తిగా తగ్గించాలి. 10 నుంచి 12 నిమిషాలలో నీరు ఇంకి, అన్నం పైన చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అప్పుడు దించి 10 నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి. మూత లోపలివైపు శుభ్రమైన వస్త్రం కడితే ఆవిరి నీటిబొట్లుగా అన్నం మీద పడదు. వస్త్రపు కొసలు మంటకు తగలకుండా పైకి ముడివేయాలి.

కుక్కరులో వండేటప్పుడు

ప్రెషర్ కుక్కరులో నీటి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి సన్నని గింజ క్షణాలలో పదును తప్పుతుంది. తప్పనిసరి అయితే నానిన బియ్యం గ్లాసుకు ఒకటింబావు గ్లాసుల నీరు పోసి, ఒక్క ఈల రాగానే ఆపి, ఆవిరి తనంతట తాను దిగేవరకు ఉంచాలి. మూడు ఈలల లెక్క దీనికి వర్తించదు. విద్యుత్ కుక్కరులో ఒకటికి ఒకటిన్నర కొలత సరిపోతుంది. మీట ‘వెచ్చన’ స్థానానికి మారిన తరువాత 10 నిమిషాలు ఉంచి, అన్నాన్ని వెంటనే వెడల్పైన పళ్లెంలోకి మార్చాలి. గంటలకొద్దీ అందులోనే ఉంచితే అడుగు ఎండి, పైభాగం ముద్ద అవుతుంది.

ఊరి నీరు, ఊరి ఎత్తు

ఒకే బియ్యం, ఒకే కొలత ఒక ఊళ్లో కుదిరి మరో ఊళ్లో కుదరకపోవడానికి కారణాలు ఉన్నాయి. సముద్ర మట్టం నుంచి ఎత్తు పెరిగే కొద్దీ నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. యానాంలో నీరు 100 డిగ్రీల వద్ద మరిగితే, 800 నుంచి 900 మీటర్ల ఎత్తున ఉన్న కోలారు, హోసూరు, కోరాపుట్ ప్రాంతాలలో 97 డిగ్రీల వద్దే మరుగుతుంది. అక్కడ మెతుకు పదునుకు రావడానికి ఒకటి రెండు నిమిషాలు అదనంగా పట్టడం సహజం. ఇది బియ్యపు లోపం కాదు.

లోతు బోర్ల నీటిలో క్షార గుణం ఎక్కువగా ఉంటే అన్నం పసుపు వన్నెకు తిరుగుతుంది. వార్చే పద్ధతిలో లీటరు ఎసరుకు అర చెంచా నిమ్మరసం కలిపితే తెలుపు నిలుస్తుంది.

లోపాలు, సవరణలు

అన్నంలో పలుకు మిగిలి నీరు ఇంకిపోతే, గ్లాసు బియ్యానికి రెండు మూడు చెంచాల వేడి నీరు చల్లి, మూతపెట్టి సన్నని సెగ మీద 5 నిమిషాలు ఉంచాలి. చన్నీరు పోయరాదు. నీరు మిగిలి అన్నం ఉడికిపోతే మూత తీసి, చిల్లుల గిన్నెలోకి వంచి, వెడల్పు పళ్లెంలో పరచి ఆరనివ్వాలి. అడుగంటితే కలపకుండా పై అన్నాన్ని వేరే పాత్రలోకి తీయాలి. కలిపితే మాడు వాసన అంతటికీ పడుతుంది. పూర్తిగా చిమిడిన అన్నాన్ని మళ్లీ పొడిగా చేయడం సాధ్యం కాదు. దానిని పెరుగన్నానికో, పాయసానికో మళ్లించడమే తెలివైన పని.

విందుకు వండేటప్పుడు

కూరలతో వడ్డించే అన్నానికి మనిషికి 100 గ్రాముల బియ్యం, బిరియానే ప్రధానమైతే 125 నుంచి 150 గ్రాములు లెక్క వేసుకోవచ్చు. కిలో బియ్యం సుమారు రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. అంతా ఒకే గుండిగలో వండితే పై అన్నపు బరువుకు అడుగు మెతుకులు నలుగుతాయి. కనుక రెండు మూడు విడతలుగా వండడం మేలు. కొత్త దుకాణంలో కొన్న బియ్యాన్ని ముందురోజే ఒక గ్లాసు వండి చూసి, పదునుకు ఎన్ని నిమిషాలు పట్టిందో గుర్తుంచుకుంటే విందు రోజున తడబాటు ఉండదు.

పెద్ద పాత్ర వార్చేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. గంజి ఒంటి మీద పడితే చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. సిరా, పేస్టు వంటివి పూయరాదు.

గంజి, మిగిలిన అన్నం

వార్చిన గంజితో పాటు కొన్ని బి విటమిన్లు కూడా పోతాయి. దినుసులు వేయని గంజిని పారబోయకుండా మజ్జిగ కలిపి తాగవచ్చు, చారులో వాడవచ్చు. ఎసరులో ఉప్పు వేసి ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు చూసుకుని వేయాలి.

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చని చోట గంటలకొద్దీ ఉంచితే అవి పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం నశించదు. బళ్లారి, రాయచూరు ఎండలలో మధ్యాహ్నం వండిన బిరియానిని రాత్రి వరకు గుండిగలోనే ఉంచడం ప్రమాదకరం. మిగిలినదానిని వెడల్పుగా పరచి, గంటలోపు చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటిలోగా ఒక్కసారే పొగలు వచ్చేలా వేడిచేసి తినాలి.

దగ్గరలో దొరికే సువాసన బియ్యం

విందుకు బాస్మతే కావాలన్న నియమం లేదు. ఆంబూరు, దిండిగల్ బిరియానిలకు పేరు తెచ్చినది చిన్న గింజ సీరగ సాంబా. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో మామిడి పూత వాసన గల ఆంబేమొహర్, తెలుగునాట చిట్టిముత్యాలు ఉన్నాయి. ఇవి పొడవు సాగవు. మెతుకు గుండ్రంగా, కొంత మెత్తగా ఉంటుంది. వీటికీ వర్తించే సూత్రం ఒక్కటే: పాత బియ్యం తీసుకోవడం, నలపకుండా కడగడం, పలుకు ఉండగానే దించడం, ఉమ్మగిలే వరకు మూత తీయకపోవడం. ఈ నాలుగింటిలో మెతుకు పదును చూడడమొక్కటే పుస్తకం చూసి నేర్చుకోలేనిది. ఇంట్లో సిబ్బిరేకు ఎరిగిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే వారి పక్కన నిలబడి నాలుగు మెతుకులు పట్టి చూస్తే అది చేతికి వస్తుంది.